తవుడుకి కొన్న పానం

నాకు ముందు పుట్టినోలు ఇద్దరూ నిలబడనేదట.
నన్ను పురిటి మంచం కాడే మంత్రసాని సేతికిచ్చీసి,
సేటెడు తవుడు పోసి
మల్లా కొనుక్కున్నాది మా యమ్మ.
అంచేత తవిటమ్మ.
ఇప్పుడు డెబ్బయ్యారు.
ఆ తవుడు కరీదు ఎప్పుడో తీరిపోయుంటాది.

నెల్లిమర్లలో, మిల్లు ఎనకాల సందులో
ఒక గది, ఓ మూరెడు వసారా.
ముప్పై రెండేళ్ళు గోగునార దారం తీసినాను.
మిసన్ల సప్పుడికి ఎడం సెవి పోయినాది.
నార దుమ్ముకి దగ్గొచ్చినాది.
నాను మిల్లు మానీసినాను గానీ
దగ్గు మాననేదు.

"ఒక్కర్తివీ ఎలగుంతన్నావే?"
అడిగినోలికి ఏటి సెప్పను?
లెగిసినాక మంచం మీదే కూకుని
పది ఊపిర్లు లెక్కెట్టి, అప్పుడు పాదం కింద ఎడతాను.
నీల్లగదిలో గోడకి తాడు కట్టినాను, పట్టుకోడానికి.
పొద్దుటి మాత్ర గులాబీ, రాత్రి మాత్ర తెలుపు.
అచ్చరాలు రావు, రంగులొచ్చు.
పొద్దున్న సోడి అంబలి,
మాపిటేల సంపావతి గట్టు దాకా నడక.
దారంతా ఎడం మోకాలు ఏదో అంటానే ఉంటాది,
ఎడం సెవికి యినపడదు.

నెలకోపాలి ఆశా పిల్ల వొచ్చి
సేతికి పట్టా సుట్టి గాలి కొడతాది.
"మామ్మా, ఉప్పు తగ్గించు" అంటాది.
నాను ఎండుసేప కేసి సూస్తాను.
ఎండుసేప నా కేసి సూస్తాది.

ఎదురింట్లో అసిరమ్మ. అదీ ఒక్కర్తే. సుగరుది.
మా ఇద్దరికీ ఓ ఒప్పందం:
తెల్లారి ఆరింటికి గుమ్మం గట్టు మీద సెంబు బోర్లించాల.
సెంబు కనపడితే మనిసి ఉన్నట్టు.
కాయితం నేదు, ఏలిముద్ర నేదు.

మాఘమాసంలో ఓ రాత్రి
దగ్గు మందు తాగి మొద్దు నిద్రోయినాను.
కల్లు తెరిసీతలికి ఈదంతా నా మంచం సుట్టూ ఉన్నాది.
ఆటో గౌరీసు గునపం ఎట్టి గడియ పీకీసినాడు.
"సచ్చిపోయీవనుకున్నానే" అని
అసిరమ్మ నా జబ్బ మీద గట్టిగా గిల్లినాది.
కొత్త గడియ నూట నలభై.
ఎవులిచ్చుకోవాలని దెబ్బలాడుకుని
నాలుగు దినాలు మాటాడుకోనేదు.
ఆ నాలుగు దినాలూ
సెంబులు మట్టుకు బోర్లించుకున్నాము.

తరవాత కొత్త గడియ కొననేదు.
ఇద్దరం తలుపులు గోగుదారంతో కట్టుకుంటన్నాము.
ఎంత లాగితే తెగుతాదో
నాకు కాక ఎవులికెరిక?

నిన్న
ఎదురు గట్టు మీద సెంబు నేదు.
ఆరున్నర. ఏడుకి పది.
మా గుమ్మానికీ దాని గుమ్మానికీ పద్దెనిమిది అడుగులు,
ఇన్నేళ్ళలో నిన్నే లెక్కెట్టినాను.
కర్ర మరిసిపోయినాను. మోకాలూ మరిసిపోయినాను.
దారం ఒక్క గుంజుకి తెగినాది.

పొయ్యికాడ కూకునుంది,
సెంబు వొల్లో ఎట్టుకుని.
ఒల్లంతా సెమట. సూపు ఎటో.
"ఎవులే నువ్వు?" అన్నాది,
నలభై ఏళ్ళు నా పక్క బాబిన్లు మార్సిన మనిసి.
నాను పేరు సెప్పనేదు.
డబ్బాలోంచి బెల్లం సిదిపి దాని బుగ్గలోకి తోసినాను,
ఆశా పిల్ల సూపెట్టినట్టే,
నీల్లు పొయ్యకుండా, తొందరపెట్టకుండా.
దవడ కదిలేదాకా
దాని సెయ్యి నా సేతిలో, సల్లగా, సేపలాగ.

సానాసేపటికి సూపు నా మీద నిలబడినాది.
"రాత్రి మాత్రేసుకున్నాను, కూడు తిననేదే తవిటీ."
అని, డబ్బా కేసి సూసి,
"అంత ముక్కెట్టీసినావా?
బెల్లం ఎంతుందో ఎరికా?"

తవుడు కన్నా సవకే, అందామనుకున్నాను.
అననేదు. దగ్గొచ్చినాది.

దాని వొల్లో సెంబు తీసుకుని
గట్టు మీద బోర్లిద్దామని బయిటికొచ్చి,
నా గుమ్మం కేసి సూద్దును గదా,
నా గట్టు ఖాళీ.
సందు మలుపులో గౌరీసు
గునపం భుజానేసుకుని
పరిగెత్తుకొస్తన్నాడు.